పాత కారులో ఫ్యూజిబుల్ లింకులు తీసి ఫ్యూజ్ బ్లాక్ పెట్టుకోవడం ఎలా?

పాత బండ్లలో షార్ట్ అయినప్పుడు ముందు తను కరిగి మిగతా వైరును కాపాడే సన్నని వైరు ముక్కే ఫ్యూజిబుల్ లింక్. దాన్ని తీసి ఫ్యూజ్ బ్లాక్, అంటే ఫ్యూజులన్నీ ఒకచోట బిగించే పెట్టె, పెట్టుకోవడం గురించే ఈ గైడు. లింక్ కాలిపోతే దాని బదులు ఎన్ని ఆంపియర్ల ఫ్యూజ్ వెయ్యాలని చాలామంది అడుగుతున్నారు. బండి చూడకుండా ఒక్క అంకె చెప్పేవాళ్లను నమ్మకండి. ఆ అంకె వైరు మందాన్ని బట్టి వస్తుంది. అందుకే ఈ గైడులో ఎక్కువ భాగం ఆ లెక్కకే పోయింది.

ఉదాహరణగా తీసుకున్నది నా 1984 షెవర్లే సి10 పికప్. అమెరికాలో ఉండి వారాంతాల్లో గరాజ్‌లో పాత బండి పని చేసుకునే మనవాళ్లు రాసిన ప్రశ్నలే ఇందులో ఎక్కువ. బండి వేరైనా పద్ధతి ఇదే. ఇక్కడ గ్రౌండ్ అనేదాన్నే మన మెకానిక్కులు ఎర్త్ అంటారు, నేనూ అలాగే రాస్తున్నాను.

తీరిగ్గా ఒక రోజంతా పెట్టుకోండి. సాయంత్రం మొదలుపెట్టి రాత్రికి ముగిద్దామనుకుంటే తప్పులు దొర్లేది అక్కడే.

1. లింకులు ఎక్కడున్నాయో వెతకండి

ఫ్యూజిబుల్ లింక్ చూడ్డానికి మామూలు వైరు ముక్కలాగే ఉంటుంది. సాధారణంగా 6 నుంచి 9 అంగుళాల పొడవు. తను కాపాడే వైరు కన్నా నాలుగు గేజ్‌లు సన్నం. గేజ్ అంకె పెరిగేకొద్దీ వైరు సన్నబడుతుంది, అంటే 10 గేజ్ వైరుకు 14 గేజ్ లింక్. షార్ట్ అయినప్పుడు ముందు ఈ సన్నని ముక్క కరుగుతుంది, పై తొడుగు మాత్రం మంట పట్టకుండా నిలుస్తుంది.

ఎక్కువగా కనిపించే చోట్లు ఇవి:

- జనరల్ మోటార్స్ బండ్లు: సెల్ఫ్ మోటార్ మీది సొలినాయిడ్ (మోటార్‌కు కరెంటు కలిపే స్విచ్) దగ్గర, కొన్నిటిలో ఫైర్‌వాల్ (ఇంజిన్‌కూ క్యాబిన్‌కూ మధ్య రేకు) మీది జంక్షన్ స్టడ్ (వైర్లు బిగించే మరల కడ్డీ) దగ్గర
- ఫోర్డ్: ఫెండర్ (ముందు చక్రం పైన ఉండే రేకు) లోపలి వైపు బిగించిన స్టార్టర్ రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్) దగ్గర
- పాత జీప్ సీజేలు: ఇవీ స్టార్టర్ రిలే దగ్గరే
- టయోటా, డాట్సన్: బ్యాటరీ ప్లస్ దగ్గర, లేదా ఫెండర్ పక్కన చిన్న ప్లాస్టిక్ మూతల కింద

మీ బండి సంవత్సరానికి సరిపోయే వైరింగ్ డయాగ్రామ్ తప్పక దగ్గర పెట్టుకోండి. ఒకే మోడల్‌లో కూడా ఏడాదికీ ఏడాదికీ తేడాలుంటాయి. డయాగ్రామ్‌లో మూడు లింకులుంటే బండిలోనూ మూడూ కనిపించాలి. ఒకటి తక్కువైతే ఎవరో ఎప్పుడో దాన్ని తీసేసి మామూలు వైరు కలిపారన్నమాట. నా బండిలో జరిగింది అదే. నేను కొనకముందు ఏదో షాపులో ఒక లింక్ కాలితే అక్కడ మామూలు వైరు ముక్క పెట్టి టేపు చుట్టేశారు. ఆ వైరుకు ఎన్నేళ్లుగా ఏ రక్షణా లేదో!

ప్రతి లింకునూ రెండు వైపుల నుంచీ ఫొటో తియ్యండి. ఏ వైరు ఎక్కడికి పోతుందో మాస్కింగ్ టేపు మీద రాసి అంటించండి.

2. లింక్ ఇప్పటికే కాలి ఉంటే

బ్యాటరీ మైనస్ తీసేశాక లింకును రెండు చేతులతో మెల్లగా లాగి చూడండి. రబ్బరు బ్యాండులా సాగితే లోపల రాగి కరిగిపోయినట్టే. తొడుగు ఉబ్బినా, బుడగలు కట్టినా అదే లెక్క.

లింక్ ఊరికే కాలదు. ఎగ్జాస్ట్‌కు తగిలి కరిగిన వైరో, పాడైన ఆల్టర్నేటరో, బాడీ రేకుకు రాసుకున్న హార్నెసో (వైర్ల కట్ట) ఉండే ఉంటుంది. కారణం దొరికేదాకా ఫ్యూజ్ బ్లాక్ పని మొదలుపెట్టొద్దు. కొత్త ఫ్యూజ్ కూడా క్షణంలో పోతుంది, ఖర్చు తప్ప ఏమీ మిగలదు.

3. ఫ్యూజ్ సైజు లెక్క

ఫ్యూజ్ ఉండేది వైరును కాపాడటానికి. హెడ్‌లైట్లకో, బ్లోయర్‌కో ఏమవుతుందన్నది దాని పని కాదు. కాబట్టి లెక్కకు రెండు కొసలున్నాయి. ఫ్యూజ్ ఆ వైరు మోయగలిగిన దానికి మించకూడదు, మామూలు వాడకంలో ఊరికే పోయేంత చిన్నదీ కాకూడదు.

3.1 వైరు ఎంత మోస్తుంది

ఇంజిన్ దగ్గర వేడిని తట్టుకునే క్రాస్‌లింక్డ్ ఇన్సులేషన్ రాగి వైరుకు, తక్కువ దూరాలకు నేను వాడే అంకెలివి. కాస్త జాగ్రత్త వైపే మొగ్గాను.

- 14 గేజ్ (సుమారు 2 చదరపు మి.మీ.): 20 నుంచి 25 ఆంపియర్లు
- 12 గేజ్ (సుమారు 3): 30
- 10 గేజ్ (సుమారు 5): 40, మహా అయితే 50
- 8 గేజ్ (సుమారు 8): 60
- 6 గేజ్ (సుమారు 13): 80 నుంచి 100
- 4 గేజ్ (సుమారు 21): 125

మీ బండిలో ఉన్నది నలభై ఏళ్ల కిందటి వైరని మరిచిపోవద్దు. ఇన్సులేషన్ గట్టిపడి, వంచితే పగులుతుంటే ఈ అంకెలు పనికిరావు. ముందు ఆ వైరే మార్చాలి.

3.2 లోడ్ ఎంత ఉంది

ఊహించకండి, కొలవండి. డీసీ కొలిచే క్లాంప్ మీటర్ కావాలి. చౌక మీటర్లలో చాలావాటి క్లాంప్ ఏసీకి మాత్రమే పనిచేస్తుంది, కొనేముందు చూసుకోండి. ఇంజిన్ ఆన్‌లో పెట్టి, ఆ వైరు మీద నడిచేవన్నీ ఒకేసారి వెయ్యండి: హెడ్‌లైట్లు హై బీమ్‌లో, బ్లోయర్ ఫుల్లుగా, వైపర్లు, బ్రేక్ లైట్లు. వచ్చిన రీడింగ్‌ను 0.75తో భాగించి, దాని పైన ఉన్న ఫ్యూజ్ సైజు తీసుకోండి.

నా పికప్‌లో వచ్చిన లెక్క ఇది.

క్యాబిన్ లోపలికి పోయే ఎర్ర వైరు 10 గేజ్. అన్నీ వేస్తే 27 ఆంపియర్లు. భాగిస్తే 36. పెట్టింది 40 ఆంపియర్ల ఫ్యూజ్. వైరుకు అదే సరిపోయే అంకె కాబట్టి రెండు కొసలూ కలిశాయి.

బ్లోయర్‌కు వేరుగా పోయే వైరు 12 గేజ్, 17 ఆంపియర్లు. భాగిస్తే 23కు కొంచెం తక్కువ. నేను వాడిన రకంలో అన్నిటికన్నా చిన్నది 30, వైరు పరిమితీ 30. అదే పెట్టాను.

చిక్కంతా ఆల్టర్నేటర్ వైరు దగ్గరే.

3.3 ఆల్టర్నేటర్ వైరు

ఆల్టర్నేటర్ రేటింగ్‌కు 1.25 రెట్లు పెట్టుకోవడం మంచి అలవాటు. 63 ఆంపియర్ల ఆల్టర్నేటర్‌కు 80 ఫ్యూజ్ అవుతుంది. కానీ పాత వైరు 10 గేజ్. దానికి 80 ఫ్యూజ్ వేస్తే వైరు కాలుతుంది, ఫ్యూజ్ చూస్తూ ఉంటుంది. 40 వేస్తే బ్యాటరీ బాగా దిగిపోయిన రోజున ఛార్జింగ్ మొదలవగానే ఫ్యూజ్ పోతుంది. ఇంజిన్ నడుస్తుండగా ఆల్టర్నేటర్ బ్యాటరీ నుంచి విడిపోతే వోల్టేజ్ ఒక్కసారిగా ఎగిసి రెగ్యులేటర్‌నూ, రేడియోనూ తినేయగలదు.

ఇక్కడ దారి ఒకటే. ఆల్టర్నేటర్ నుంచి బ్లాక్ దాకా కొత్త 6 గేజ్ వైరు లాగి 80 వెయ్యండి. ఎక్కువ ఆంపియర్ల ఆల్టర్నేటర్‌కు మారినవాళ్లు వైరు కూడా దానికి తగ్గట్టు మార్చాలి.

4. ఏ రకం ఫ్యూజ్, ఏ బ్లాక్

ఫ్యూజిబుల్ లింక్ నెమ్మదిగా స్పందిస్తుంది. మోటార్ తిరగడం మొదలైన క్షణంలో వచ్చే ఎక్కువ కరెంటును అది పట్టించుకోదు. దాని చోట పెట్టేది కూడా టైమ్ డిలే ఉన్న రకమే అవ్వాలి. మామూలు చిన్న బ్లేడ్ ఫ్యూజులు మెయిన్ వైరుకు వద్దు.

మిడి రకం బోల్టుతో బిగిసేది, 30 నుంచి 200 ఆంపియర్ల దాకా దొరుకుతుంది. నేను వాడింది ఇదే. మెగా రకం ఇంకా పెద్దది, బ్యాటరీ వైపు మెయిన్ ఫ్యూజ్‌గా బాగుంటుంది. మ్యాక్సీ పెద్ద బ్లేడ్ రకం, చేత్తో లాగి మార్చొచ్చు. జేకేస్ 20 నుంచి 60 దాకా, సన్నని వైర్లకు అనుకూలం.

బ్లాక్‌లో ఒక వైపు అన్ని ఫ్యూజులకూ కలిపి ఒకే రాగి పట్టీ, రెండో వైపు విడివిడి స్టడ్లు, పైన మూత ఉండాలి. లిటెల్‌ఫ్యూజ్, బస్‌మన్, బ్లూ సీ లాంటి కంపెనీల సరుకు కొనండి. పేరూ ఊరూ లేని కిట్‌లో వచ్చే ఫ్యూజులు రేటింగ్ దగ్గర కరగకపోవచ్చు. మొత్తం పనిలో డబ్బు మిగుల్చుకోకూడని చోటు ఇదొక్కటే.

5. దగ్గర పెట్టుకోవాల్సినవి

☐ ఇప్పుడు కావాల్సిన దానికన్నా ఒక గది ఎక్కువున్న ఫ్యూజ్ బ్లాక్
☐ లెక్క ప్రకారం ఫ్యూజులు, ప్రతి సైజులో ఒకటి అదనం
☐ క్రాస్‌లింక్డ్ ఇన్సులేషన్ వైరు, లెక్కకు వచ్చిన గేజ్‌ల్లో
☐ ప్లాస్టిక్ తొడుగు లేని రాగి లగ్గులు (వైరు కొసకు తొడిగి స్టడ్‌కు బిగించే ముక్కలు), స్టడ్ సైజుకు సరిపోయేవి
☐ లోపల జిగురున్న హీట్ ష్రింక్ స్లీవ్
☐ లగ్గు సైజుకు తగిన డైతో రాచెట్ క్రింపర్ (లగ్గును వైరు మీద నొక్కి బిగించే పనిముట్టు)
☐ మల్టీమీటర్, డీసీ క్లాంప్ మీటర్
☐ 12 వోల్టుల 21 వాట్ల బల్బు, హోల్డర్, రెండు క్లిప్పులు
☐ స్ప్లిట్ లూమ్ (వైర్ల మీద తొడిగే చీలిక ఉన్న ప్లాస్టిక్ గొట్టం), రబ్బరు గ్రామెట్లు (రేకు కన్నంలో వైరు రాసుకోకుండా పెట్టే రింగులు), క్లాంపులు

6. బ్లాక్ ఎక్కడ బిగించాలి

బ్యాటరీ ప్లస్‌కు ఎంత దగ్గరైతే అంత మంచిది. బ్యాటరీకీ బ్లాక్‌కూ మధ్య ఉన్న వైరుకు ఫ్యూజ్ రక్షణ ఉండదు కదా. 20 సెంటీమీటర్ల లోపు ఉండి, లూమ్‌లో దూర్చి, రేకుకు ఎక్కడా రాసుకోకపోతే సరిపోతుంది. అంతకన్నా దూరమైతే బ్యాటరీ దగ్గరే ఒక మెగా ఫ్యూజ్ పెట్టండి. నా బ్లాక్ ఫైర్‌వాల్ మీద ఉంది, అందుకే 4 గేజ్ వైరు, బ్యాటరీ వైపు 125 ఆంపియర్ల మెగా ఫ్యూజ్ పెట్టాను.

బ్యాటరీకి సరిగ్గా పైన వద్దు, ఆమ్లం ఆవిరికి స్టడ్లు పచ్చగా పట్టేస్తాయి. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ దగ్గర వద్దు. బానెట్ వేస్తే తగలకూడదు. వైర్లు కింది నుంచి బ్లాక్‌లోకి ఎక్కేలా చూడండి, వాటి వెంట నీళ్లు లోపలికి కారవు.

రేకుకు కన్నం వేసేముందు వెనక ఏముందో చూసి వెయ్యండి. ఒకతను ఫెండర్‌కు వేస్తున్నాననుకుని వాషర్ నీళ్ల డబ్బాకు బెజ్జం పెట్టుకున్నాడు. అది నేనే.

7. పని వరుస

1. బ్యాటరీ మైనస్ ముందు తీసి, వెనక్కి రాకుండా గుడ్డ చుట్టి పక్కకు కట్టండి. ప్లస్ తర్వాత.

2. బ్లాక్‌ను ఫ్యూజులు లేకుండా బిగించండి. ఫ్యూజులు టెస్టింగ్ దాకా జేబులోనే ఉండాలి.

3. ఒక్కో లింకునే తీసుకోండి. హార్నెస్ వైపు లింక్ ఎక్కడ అతుక్కుందో ఆ అతుకు దాటాక, మంచి రాగి కనిపించేచోట కత్తిరించండి. రాగి నల్లబడి ఉంటే ఇంకో అంగుళం వెనక్కి జరగండి.

4. లింకును మొత్తం తీసెయ్యండి. అది అలాగే ఉంచి దానికి ఫ్యూజ్ జోడిస్తే పాత రోగం లోపలే ఉన్నట్టు.

5. ఆ వైరును బ్లాక్ దాకా తీసుకురండి. పొడవు చాలకపోతే అదే గేజ్‌లో కొత్త వైరు కలపండి, సన్నది కలపొద్దు. సెల్ఫ్ మోటార్ దగ్గరి వైర్లను పైకి లాగేస్తే ఎగ్జాస్ట్ వేడి బాధ కూడా పోతుంది.

6. బ్యాటరీ నుంచి సెల్ఫ్ మోటార్‌కు పోయే లావు కేబుల్ జోలికి పోవద్దు. అది తాగే కరెంటుకు ఈ బ్లాక్ చాలదు.

7. ఆల్టర్నేటర్ కొత్త వైరును బ్లాక్ విడి స్టడ్‌కు కలపండి. ఫ్యూజ్ ఆల్టర్నేటర్ దగ్గర పెడితే ఉపయోగం లేదు. వైరు మధ్యలో రాసుకుపోతే కాల్చేది బ్యాటరీ, కాబట్టి ఫ్యూజ్ బ్యాటరీ వైపే ఉండాలి.

8. ఈ పికప్‌లో లాంటి ఎస్ఐ రకం ఆల్టర్నేటర్‌కు పక్కన రెండు పిన్నుల ప్లగ్ ఉంటుంది. 2వ పిన్ను వోల్టేజ్ చూసుకునే వైరు. పాత లింకుతో పాటు దాన్నీ కత్తిరిస్తే ఛార్జింగ్ దెబ్బతింటుంది. అది ఎక్కడ కలిసి ఉందో చూసి మళ్లీ కలపండి.

9. చివర్లో బ్యాటరీ ప్లస్ నుంచి వచ్చే వైరును రాగి పట్టీ వైపు బిగించండి. దాని బ్యాటరీ కొస ఇప్పుడే కలపొద్దు.

డాష్‌బోర్డులో ఆమ్మీటర్ ఉన్న పాత క్రైస్లర్ బండ్లవాళ్లు 7వ అడుగు దగ్గర ఆగండి. చాలావాటిలో ఛార్జింగ్ కరెంటంతా ఆ మీటర్ గుండానే పోతుంది. ఆల్టర్నేటర్‌ను నేరుగా బ్లాక్‌కు కలిపితే మీటర్ చెప్పేది అబద్ధమవుతుంది. ఆ దారిని వోల్ట్‌మీటర్‌తో మార్చుకోవడం వేరే పని, దాని డయాగ్రామ్ గీసుకున్నాకే ముందుకు వెళ్లండి.

8. లగ్గు క్రింపింగ్, స్టడ్ బిగింపు

ఈ పని చేసినవాళ్లలో ఎవరికైనా బ్లాక్ కరిగిందంటే నూటికి తొంభై సార్లు ఇక్కడే జరిగి ఉంటుంది.

వైరు తొడుగు తీసేటప్పుడు రాగి పోగులు తెగకూడదు. లగ్గు గొట్టంలోకి పోగులన్నీ పోవాలి. క్రింప్ చేశాక గట్టిగా గుంజండి. ఊడొచ్చిందంటే సంతోషించండి, రోడ్డు మీద ఊడలేదు. సుత్తితోనో, కటింగ్ ప్లేయర్‌తోనో నొక్కిన లగ్గు ఇవాళ బాగానే ఉంటుంది, ఆరు నెలలకు వేడెక్కుతుంది.

టంకం వేస్తే ఇంకా గట్టిదని కొందరంటారు. టంకం వైరులోకి పాకి, అది ఆగినచోట వైరు బిరుసెక్కి, ఇంజిన్ అదురుకు అక్కడే విరుగుతుంది. మంచి క్రింప్, పైన జిగురు స్లీవ్ చాలు.

స్టడ్ మీద వరుస ఇదే: ఫ్యూజ్ రేకు, దాని మీద నేరుగా లగ్గు, ఆపైన వాషర్, నట్టు. ఫ్యూజ్‌కూ లగ్గుకూ మధ్య వాషర్ వస్తే కరెంటంతా ఆ స్టీలు వాషర్ గుండా పోవాలి. మొదటిసారి నేను అలాగే పెట్టాను. వారం తిరక్కుండా మూత లోపల ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగింది.

నట్టు బిగువు కంపెనీ కాగితంలో రాసినంతే ఇవ్వండి. మిడి బ్లాకుల 5 మి.మీ. స్టడ్లకు సాధారణంగా 4 నుంచి 5 న్యూటన్ మీటర్లు, అంటే చిన్న స్పానర్‌తో మణికట్టు బలం మాత్రమే. ఎక్కువ బిగిస్తే స్టడ్ ప్లాస్టిక్‌లో తిరిగిపోతుంది, బ్లాక్ మొత్తం మార్చాల్సిందే.

9. కరెంటు ఇచ్చే ముందు, ఇచ్చాక

ఇగ్నిషన్, లైట్లు, రేడియో అన్నీ ఆఫ్. తలుపులు మూసి ఉండాలి, లేదా లోపలి లైటు బల్బు తీసెయ్యాలి. బ్యాటరీ ప్లస్ కలపండి. మైనస్ కేబుల్ మాత్రం కలపకుండా, దానికీ బ్యాటరీ మైనస్‌కూ మధ్య 21 వాట్ల బల్బును క్లిప్పులతో పెట్టండి.

ఇప్పుడు ఫ్యూజులు ఒక్కొక్కటే బిగిస్తూ రండి. ప్రతి ఫ్యూజ్‌కూ ముందు మైనస్ క్లిప్పు తీసి, బిగించాక మళ్లీ పెట్టండి. బల్బు వెలగకపోయినా, గడియారం వల్ల కొద్దిగా మిణుకుమన్నా ఫరవాలేదు. పూర్తిగా వెలిగితే ఆ వైరులో షార్ట్ ఉంది. బల్బు కరెంటును ఆపుతుంది కాబట్టి ఏదీ కాలదు, టెన్షన్ లేకుండా వెతుక్కోవచ్చు.

అన్నీ సరిగ్గా ఉంటే బల్బు తీసి మైనస్ కలిపి ఇంజిన్ స్టార్ట్ చెయ్యండి.

☐ బ్యాటరీ దగ్గర వోల్టేజ్ 13.8 నుంచి 14.5 మధ్య
☐ హెడ్‌లైట్లు, బ్లోయర్ వేసి ఇంజిన్ కాస్త రేజ్ చేసినప్పుడు ఆల్టర్నేటర్ స్టడ్‌కూ బ్యాటరీ ప్లస్‌కూ తేడా 0.3 వోల్టు లోపు
☐ ఒక్కో ఫ్యూజ్ రెండు కొసల మధ్య తేడా 0.1 వోల్టు లోపు
☐ 20 నిమిషాలు అలాగే నడిపి ఆపాక స్టడ్ల మీద వేలు 5 సెకన్లు ఉంచగలగాలి
☐ అన్నీ ఆపి కొంతసేపయ్యాక బ్యాటరీ నుంచి పోయే కరెంటు 50 మిల్లీ ఆంపియర్ల లోపు

10. తేడా వస్తే

ఫ్యూజ్ వేడిగా ఉంది, కానీ పోలేదు. ముందు నట్టు బిగువు, తర్వాత వాషర్ వరుస, తర్వాత క్రింప్ చూడండి. ఈ మూడూ బాగుంటే లోడ్ మళ్లీ కొలవండి.

అప్పుడప్పుడు ఫ్యూజ్ పోతోంది. పెద్ద ఫ్యూజ్ వెయ్యాలని చెయ్యి లాగుతుంది, ఆపుకోండి. క్లాంప్ మీటర్ పెట్టి హార్నెస్‌ను అటూ ఇటూ కదిలించండి. రీడింగ్ ఎగిరిన చోట వైరు రేకుకు రాసుకుంటోంది. లోడే నిజంగా ఎక్కువైతే, ఆ లోడ్‌ను రిలేతో వేరే వైరు మీదికి మార్చండి. ఇందుకే ఒక గది ఎక్కువున్న బ్లాక్ కొనమన్నది.

ఛార్జింగ్ లైటు ఆరడం లేదు. ఆల్టర్నేటర్ ఫ్యూజ్, తర్వాత రెండు పిన్నుల ప్లగ్. సగం మందికి ప్లగ్ సరిగ్గా కూర్చోకపోవడమే కారణం.

లైట్లు మునుపటికన్నా మసగ్గా ఉన్నాయి. బ్యాటరీ మైనస్ నుంచి ఇంజిన్‌కూ బాడీకీ పోయే ఎర్త్ వైర్లు చూడండి. ప్లస్ వైపంతా కొత్తది చేసి, మైనస్ వైపు తుప్పు పట్టిన బోల్టు వదిలేసేవాళ్లే ఎక్కువ.

మూత లోపలి వైపు ఏ గదిలో ఎన్ని ఆంపియర్లు, ఏ వైరుకో మార్కర్‌తో రాయండి. అదనపు ఫ్యూజులూ, ఆ నట్టుకు సరిపోయే చిన్న స్పానరూ ఒక జిప్ కవర్‌లో వేసి గ్లవ్ బాక్స్‌లో పడేయండి. 500 మైళ్లు తిరిగాక మైనస్ తీసి అన్ని నట్లూ ఒకసారి పట్టి చూడండి. నాకు రెండు నట్లు పావు చుట్టు తిరిగాయి.